మండేదేదీ చెత్తలోకి రాదు

నేతల జీవరత్నంగారు ఎవరింటికి వెళ్ళినా ముందు మనిషిని చూడరు, పొయ్యిని చూస్తారు. పొగ తెల్లగా వస్తుంటే "పుల్ల పచ్చిదమ్మా" అంటారు. నల్లగా వస్తుంటే "గాలాడట్లేదు, కాస్త బూడిద లాగండి" అంటారు. అసలు పొగే లేకపోతే "గ్యాసా..." అని, పరామర్శకు వచ్చినవాడిలా కుర్చీలో కూలబడతారు. అది ఆయన తప్పు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆలమూరు అవతల ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు ముందు నిలబడ్డ మనిషి. ఊక మండించి, ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో ధాన్యాన్ని టన్నులకు టన్నులు ఉడకబెట్టిన మనిషి.

ఆయనకు పని నేర్పింది తాతారావు అనే ముసలాయన, బాయిలరు పొయ్యి మండించే పాత ఫైర్‌మన్. ఆయన మొదటిరోజు నిప్పు సంగతి ఎత్తలేదు, పుస్తకం సంగతి ఎత్తాడు. బాయిలరు పక్కన మేకుకు వేలాడే లాగ్ పుస్తకం అది. ఆవిరి ఒత్తిడి ఎంత, గాజుగొట్టంలో నీళ్ళెంత, పొయ్యిలో వేసిందేమిటి, ఎంత వేశారు, అన్నీ గంటగంటకీ అందులో రాయాలి.

"ఒరే రత్నం, ఇది పేలిందంటే నువ్వుండవు, నేనుండను. ఆ పుస్తకం ఒక్కటే మిగుల్తుంది. దాంట్లో అబద్ధం రాసేవంటే చచ్చేక కూడా ఎవడూ నమ్మడు నిన్ను," అన్నాడు తాతారావు.

మనుషులే మిగలనిచోట కాగితం ఎలా మిగులుతుందో జీవరత్నంగారు అడగలేదు. పెద్దవాళ్ళ మాట. ముప్పై ఒక్క ఏళ్ళూ అబద్ధం లేకుండా రాశారు. నిద్ర పట్టేసిన రోజున "రెండు గంటలకు చూడలేదు, కునుకు తీశాను" అని కూడా రాశారు. దానికి మేనేజరు మెమో ఇస్తే, మెమో ఇచ్చినట్టు కూడా రాశారు.

తర్వాత మిల్లుకు కంప్యూటరు బాయిలరు వచ్చింది. అరవయ్యో ఏట ఈయనకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి సొంత ఊరికి సాగనంపారు. ఊరు మలికిపురం మండలంలో. భార్య మేరీకుమారిగారు అప్పటికే స్కూలు పంతులమ్మగా రిటైరై ఉన్నారు. ఇల్లు ప్రశాంతంగా ఉండేది, ఈయన వచ్చేదాకా. అన్నం కుక్కరు పొయ్యిమీద పెడితే చాలు, పక్కన నిలబడి, "ప్రెషరు వచ్చేసింది, మంట తగ్గించు. వాల్వు కడిగేవా?" అని అడిగేవారు. రెండేళ్ళు ఓర్చుకుని ఆవిడ ఒక ఆదివారం ప్రార్థనలో గట్టిగానే అడిగారు, "ప్రభువా, ఈయనకి ఏదన్నా పని చూపించు తండ్రీ," అని.

ఆ ప్రార్థన ఫలించి, మార్చి నెలలో ఒక తెల్లకారు వాళ్ళ గుమ్మం ముందు ఆగింది.

దిగినవాడి పేరు విజయకుమార్. ముప్పై ఏళ్ళుంటాయి. హైదరాబాదులో ఉష్ణజ్యోతి కన్సల్టెన్సీ అనే కంపెనీలో ఉద్యోగం. మిల్లు యజమాని చెబితే జీవరత్నంగారిని వెతుక్కుంటూ వచ్చాడు. బొండం కొట్టి ఇస్తే తాగుతూనే లాప్‌టాప్ తెరిచాడు.

"అంకుల్, కోనసీమలో చెత్తతో నడిచే ప్లాంటు పెట్టాలని ఒక ప్రపోజల్ ఉంది. చెత్త కాల్చి కరెంటు తీస్తాం. కరెంటు తీశాక మామూలు ప్లాంట్లలో మిగిలిన వేడిని గాల్లోకి వదిలేస్తారు. మేం వదలం. దాన్ని గొట్టాల్లో పంపి అమ్ముతాం. ఒకే నిప్పుతో కరెంటూ, వేడీ రెండూ. అది ఇక్కడ సాధ్యమా కాదా అని చూసే స్టడీ మాది. బాయిలరు తెలిసిన లోకల్ మనిషి కావాలి."

జీవరత్నంగారికి ఒళ్ళు పులకరించింది. ఆయనకు వేడి వృథాగా పోతే అన్నం పారబోసినంత బాధ. మిల్లు చిమ్నీలోంచి పోయే వేడిని చూసి ఎన్నిసార్లు నిట్టూర్చారో లెక్కలేదు. దాన్ని పోనీయకుండా పట్టుకుంటామని ఒక చదువుకున్న కుర్రాడు కారేసుకుని ఇంటికొచ్చి చెబుతున్నాడు.

"చాలా మంచి పని బాబూ," అన్నారు, కళ్ళు చెమర్చి.

లోపల్నుంచి మేరీకుమారిగారు తొంగిచూశారు. "కరెంటంటే సరే బాబూ. మన దగ్గర వేడి ఎవరు కొనుక్కుంటారు?"

"అదే స్టడీ చేస్తాం ఆంటీ," అన్నాడు విజయకుమార్.

వారం తిరక్కుండా జీవరత్నంగారి మెడలో నీలం తాడుతో ఒక కార్డు పడింది. దానిమీద ఆయన ఫోటో, కింద "ఫ్యూయెల్ అసెస్‌మెంట్ ఫెసిలిటేటర్" అని రాసుంది. మేరీకుమారిగారు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అంటే చెత్త చూసొచ్చే ఉద్యోగమే కదండీ?" అన్నారు. "చెత్త కాదు, ఫ్యూయెల్," అన్నారు ఆయన, కాలరు సర్దుకుని.

మొదట వేడి సర్వే. ప్రశ్నలు ఎక్కడో చలిదేశంలో తయారైనవి. కంపెనీవాళ్ళు వాటిని తెలుగు చేయించారు గాని, ఎండలోకి తీసుకురాలేదు. కొత్తపేటలో మొదటి ఇల్లు పార్వతిగారిది. కరెంటు పోయి, ఆవిడ అరుగుమీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు. విజయకుమార్ టాబ్ చూసి చదివాడు.

"మేడమ్, మీ ఇంట్లో గదులు వెచ్చబెట్టుకునే కాలం ఏడాదికి ఎన్ని నెలలు?"

పార్వతిగారి విసనకర్ర ఆగింది. "వెచ్చబెట్టడమేంటండీ?"

"అదే, హీటింగ్."

"దేవుడే పెడుతున్నాడు కదండీ, పన్నెండు నెలలూ."

విజయకుమార్ పన్నెండు అని నొక్కాడు. తర్వాతి ప్రశ్నకు వెళ్ళాడు. "ప్లాంటు నుంచి గొట్టంలో మీ ఇంటికి ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు పంపిస్తే తీసుకుంటారా?"

ఆవిడ ఎదుటిమనిషి చెమటలు చూశారు, దూరం నుంచి వచ్చాడని చూశారు. మర్యాదగా, "ఆయ్," అన్నారు.

విజయకుమార్ అవును దగ్గర టిక్కు పెట్టాడు.

అలా పదిరోజులు తిరిగారు. కొత్తపేట, అమలాపురం, రాజోలు. ప్రతి గుమ్మంలోనూ మజ్జిగో బొండమో ఇచ్చారు, ప్రతి ప్రశ్నకూ "ఆయ్" అన్నారు. మూడోరోజే జీవరత్నంగారు ఉండబట్టలేక చెప్పారు.

"సార్, ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదండీ. మీరు మాట్లాడుతున్నారు, మేం వింటున్నాం అని."

"మరి ఒప్పుకోకపోతే ఏమంటారు అంకుల్?"

"అప్పుడూ ఆయ్ అనే అంటారండీ. కాకపోతే కొంచెం సాగదీస్తారు."

విజయకుమార్ టాబ్ వంక కాసేపు చూశాడు. "సాగదీసింది ఎక్కించడానికి ఇందులో చోటు లేదంకుల్," అన్నాడు.

సర్వే ముగిసేసరికి, కోనసీమలో నూటికి తొంభై నాలుగుమంది నడివేసవిలో వేడినీళ్ళ గొట్టం కోసం ఎదురుచూస్తున్నారని తేలింది. మిగిలిన ఆరుగురూ ఇంట్లో లేరు.

ఇక చెత్త. ప్లాంటుకు రోజుకు నూట ఎనభై టన్నుల ఇంధనం దొరుకుతుందని ప్రపోజల్‌లో ఉంది. అందులో నూట యాభై టన్నులు కొబ్బరికాయల మీద వలిచిన పీచు డొక్కలు, ముప్పై టన్నులు ఊళ్ళ చెత్త. దాన్ని కొలిచి, తడి ఎంతో, మండే గుణం ఎంతో తేల్చాలి. అమలాపురం అవతల డంపింగ్ యార్డులో ఒక కాటా పెట్టారు. ఏడురోజుల పని. విజయకుమార్ మొదటిరోజు మాస్కు కట్టుకుని కాటా పక్కన నిలబడ్డాడు. రెండోరోజు కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడు. మూడోరోజు నుంచి ఫోనులో హాజరయ్యాడు.

యార్డులో చెత్త వేరుచేసే ఆడవాళ్ళకు మేస్త్రీ ముత్యాలు. నలభై అయిదేళ్ళుంటాయి, చేతికి తొడుగు, నడుముకు తుండు. జీవరత్నంగారి మెడలో కార్డు చూసి ముందు ఏదో ఆఫీసరనుకుంది. ఆయన చొక్కా చేతులు మడిచి గోనె పట్టుకున్నాక "బాబాయ్‌గారూ" అనడం మొదలుపెట్టింది.

ఇద్దరూ ప్రతి బండీ తూచారు. కొబ్బరి బొండాల బోలు కాయలు, పెళ్ళిళ్ళ అరటాకులు, అరటిబోదెలు, కుళ్ళిన కూరగాయలు, కోడి ఈకలు, పసిపిల్లల డైపర్లు, పాలకవర్లు, ఊడ్చిన ఇసుక. జీవరత్నంగారు ప్రతి రకాన్నీ పిడికిట పట్టి నలిపి, వాసన చూసి, రూళ్ళ పుస్తకంలో రాసుకున్నారు. నూరుకిలోల చెత్త టార్పాలిన్ మీద పరిచి, నాలుగురోజులు ఎండబెట్టి మళ్ళీ తూచారు. నలభై ఒకటి. అందులో పదకొండు ఇసుక.

"ముత్యాలమ్మా, ఇదేంటి, దీంట్లో మండేది ముప్పై కిలోలేనా?"

ముత్యాలు నవ్వింది. "మండేదేదీ చెత్తలోకి రాదండీ బాబాయ్‌గారూ. మట్ట పడిందంటే పొయ్యిలోకి. ఈనె అంటే చీపురుకి. చిప్పంటే బొగ్గుకి. డొక్కంటే పీచుమిల్లుకి. అట్టపెట్టి పాతసామాన్లవాడికి. అందరూ ఏరుకున్నాక, ఎవరికీ అక్కర్లేనిదే మా దాకా వస్తదండీ. మండితే మాకెందుకిస్తారు?"

జీవరత్నంగారు ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవంలో ఇంధనం గురించి అంత తూకంగా చెప్పినవాళ్ళు ఆయనకు తగల్లేదు.

ఆయనకు దిగులు పట్టుకుంది. ప్లాంటు రావాలని ఆయన మనసారా కోరుకున్నారు. అందుకే డొక్కలన్నా ఉన్నాయి కదా అని విజయకుమార్‌ని మలికిపురం దగ్గర సూర్యారావుగారి పీచుమిల్లుకు తీసుకువెళ్ళారు. అక్కడ డొక్కలు కొండంత గుట్టలు. విజయకుమార్ మొహం వెలిగిపోయింది.

"సార్, ఈ వ్యర్థాన్ని మీరు ఎలా వదిలించుకుంటున్నారు?"

సూర్యారావుగారు చాలా మర్యాదస్తులు. ముందు కుర్చీ వేయించి, తర్వాత నొచ్చుకున్నారు. "వ్యర్థమంటారేంటండీ? ఇదంతా మాకు బీరువాలో పెట్టుకున్న పట్టుచీరలతో సమానమండీ. పీచు తీస్తాం. పొట్టు ఇటికల్లా నొక్కి పైదేశాలకి పంపుతున్నాం. ఇంకా చాలక పక్క జిల్లా నుంచి తెప్పిస్తున్నాం. మీ దగ్గరేమన్నా ఉంటే చెప్పండి, మేమే తీసుకుంటాం."

తిరుగుదారిలో కారులో జీవరత్నంగారు తన పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చారు. "సార్, యార్డుకి వచ్చేది రోజుకి ఇరవై రెండు టన్నులండీ. దాంట్లో సగానికి పైగా నీళ్ళు. డొక్క అనేది అసల్లేదు. నూట ఎనభై ఎక్కడా కనపడట్లేదు."

విజయకుమార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అంకుల్, నూట ఎనభై ఆల్రెడీ ఫిక్స్ అయిపోయింది. అంతకంటే తక్కువైతే ప్లాంటు గిట్టదు."

"మరి కొలవమన్నారు కదండీ?"

"కొలవమన్నారు. ఎంత రావాలో కూడా చెప్పారు."

జీవరత్నంగారికి అర్థం కాలేదు. గేజీలో ముల్లు ఎక్కడుండాలో ముందే రంగు పూసి, తర్వాత పొయ్యి వెలిగించమన్నట్టుంది ఆయనకు. ఇంటికొచ్చి మేరీకుమారిగారికి చెబితే, "మా స్కూల్లో కూడా జవాబు ముందు చూసి లెక్క చేసేవాళ్ళుండేవారండీ. పాసైపోయేవారు," అన్నారు.

మే నెలలో ప్రదర్శన పెట్టారు. పెద్ద ఆఫీసరు వచ్చి చూస్తారు, ఆవిడ సరేనంటే ఫైలు కదులుతుంది. హైదరాబాదు నుంచి లారీమీద ఒక చిన్న బాయిలరు దిగింది. ఆకుపచ్చ రంగు, మీద తెల్లటి ఆకు బొమ్మ. దానికి ఒక బుల్లి టర్బైను, పది బల్బులు. రెండోవైపు ఒక కుళాయి, వేడినీళ్ళకి. యార్డు పక్కన షామియానా వేసి, చెత్త కనపడకుండా గుడ్డ కట్టి, వాసన రాకుండా సెంటు కొట్టారు. కంపెనీ డైరెక్టరు సూటు వేసుకుని వచ్చాడు. బాయిలరు వెలిగించడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి కావాలి కాబట్టి జీవరత్నంగారు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు.

తొమ్మిదింటికి ఒక ట్రాక్టరు వచ్చింది. పైన రెండు బుట్టల కూరగాయ తొక్కలు చల్లి ఉన్నాయి. టార్పాలిన్ ఎత్తితే అడుగునంతా ఎండు డొక్క. గలగలమంటోంది.

"ఇదేంటండీ?" అన్నారు జీవరత్నంగారు.

"చెత్త," అన్నాడు డైరెక్టరు.

"ఇది డొక్కండీ."

"ఇవాళ్టికి చెత్త. మీరు మంట చూసుకోండి, మాట మేం చూసుకుంటాం."

జీవరత్నంగారు విజయకుమార్ వంక చూశారు. అతను బూట్ల వంక చూసుకున్నాడు. వెళ్ళిపోదామా అని ఒక్కక్షణం అనిపించింది ఆయనకు. కాని బాయిలరుమనిషికి ఇచ్చింది మండించడం ధర్మం, మండించింది రాయడం ధర్మం. రూళ్ళ పుస్తకం తెరిచి, తారీకు వేసి, పొయ్యి వెలిగించారు.

అంటుకుంది. ఎంతకాలమైందో ఆయన ఆ చప్పుడు విని. డొక్క చిటపటలాడి, గుప్పున లేచి, ఎర్రగా నిలబడింది. గాజుగొట్టంలో నీళ్ళు వణికాయి. ముల్లు కదిలింది. ఒకటి, రెండు, మూడు. ఆయన షామియానా మర్చిపోయారు, సూటు మర్చిపోయారు. పారతో డొక్క పరుస్తూ, తలుపు ఓరగా తీస్తూ, ముప్పై ఏళ్ళవాడిలా అటూ ఇటూ తిరిగారు. ఆఫీసరమ్మగారు వచ్చి కూర్చునేసరికి ఆవిరి సన్నగా ఈల వేసింది. పది బల్బులూ ఒక్కసారి వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరమ్మగారిని కుళాయి దగ్గరకు తీసుకువెళ్ళి చెయ్యి పెట్టమన్నారు. మిట్టమధ్యాహ్నం, నలభై రెండు డిగ్రీల ఎండ. ఆవిడ చెయ్యి పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నారు. మళ్ళీ చప్పట్లు.

ఆవిడ చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ, "లాగ్ ఉందా?" అని అడిగారు.

"ప్రింట్ చేయించి పంపుతాం మేడమ్, కలర్‌లో," అన్నాడు డైరెక్టరు.

"ఇప్పుడు లేదా?"

"ఉందండీ," అన్నారు జీవరత్నంగారు. అడిగింది లాగ్ కాబట్టి చెప్పారు. మసిచేతులు ఖాకీకి తుడుచుకుని, రూళ్ళ పుస్తకం రెండు చేతులతోనూ అందించారు.

ఆవిడ పైకే చదివారు. "తొమ్మిదిన్నర. ఎండు డొక్క నలభై కిలోలు. చెత్త సున్నా. పదిన్నర. ఎండు డొక్క అరవై కిలోలు. చెత్త సున్నా. పదకొండు. డైరెక్టరుగారి ఆజ్ఞమీద కూరగాయ తొక్కలు రెండు కిలోలు వేశాను. మంట తగ్గింది. తీసేశాను."

గుడ్డ వెనకాల నుంచి ముందు ముత్యాలు నవ్వు వినపడింది. తర్వాత మిగతా ఆడవాళ్ళది.

"అది స్టార్టప్ ఫ్యూయెల్ మేడమ్. మొదలుపెట్టడానికి," అన్నాడు డైరెక్టరు.

"అలాగే. మొదలైపోయింది కదా. ఇక చెత్త వేయండి. నాకు సాయంత్రందాకా వేరే పనేం లేదు," అని ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

ముత్యాలు ఆ పొద్దున వచ్చిన బండే తోసుకొచ్చింది. ఏమీ ఏరలేదు, ఏమీ కలపలేదు. జీవరత్నంగారు ఒక్కో పార వేశారు. తెల్లపొగ లేచింది. గాలి షామియానా వైపుకే ఉంది. ముందు వరస ఖాళీ అయింది, తర్వాత రెండోది. ముల్లు దిగడం మొదలెట్టింది.

ఆయన గెలిచానని సంబరపడ్డారనుకుంటారు ఎవరైనా. లేదు. ఆయన ఆ మంటను బతికించడానికి చేయగలిగిందంతా చేశారు. బూడిద లాగారు, గాలి పెంచారు, తడివి పక్కకు నెట్టి పొడివి ముందుకు తోశారు. పొడివన్నీ ప్లాస్టిక్ కవర్లు. నల్లటి పొగ, గొంతు పట్టే వాసన. ఆడవాళ్ళు దగ్గుతున్నారు. ఆయన తలుపు మూసేశారు. బల్బులు ఒకటొకటే ఎర్రబడి, ఆరిపోయాయి. పొయ్యి తలుపుకు ఆనించిన పార పిడిమీద గడ్డం పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. ఎంత పిలిచినా తిరిగిరాని ప్రాణం పక్కన నిలబడ్డట్టు.

"మీ పేరేంటండీ?" అన్నారు ఆఫీసరమ్మగారు.

"జీవరత్నమండీ. రెండో తరగతి బాయిలర్ అటెండెంటునండీ."

ఆవిడ పుస్తకంలో చివరి గీత కింద సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు విజయకుమార్ ఇంటికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. గుమ్మంలోనే మొదలెట్టాడు, "అంకుల్, నా ఉద్యోగం..."

"ముందు చేతులు కడుక్కో బాబూ, వడ్డిస్తున్నాను," అన్నారు మేరీకుమారిగారు.

పనసపొట్టు కూర, చింతచిగురు పప్పు, వేయించిన ఎండురొయ్యలు. కోపం మొదటి వాయి అన్నానికి సగమైంది, మజ్జిగ దగ్గరకొచ్చేసరికి పూర్తిగా పోయి, ఏడుపు మిగిలింది.

"రాయకపోతే ఏమయ్యేది అంకుల్? ఒక్క రోజు."

"ఒక్క రోజేనా బాబూ? ప్లాంటు కట్టేవారు. మండక, సూర్యారావుగారి డొక్క లాక్కునేవారు. పీచుమిల్లు మూతపడేది. అదీ చాలక ముల్లు లేచేది కాదు. అప్పుడు మళ్ళీ నాలాంటోడు ఒకడు పొయ్యి ముందు నిలబడి తిట్లు తినాలి." జీవరత్నంగారు మజ్జిగ గ్లాసు అతని ముందుకు జరిపి అన్నారు, "నీకు చదువుంది. నేను కొలిచిన కాగితం నీ జేబులోనే ఉంది."

వెళ్ళేముందు విజయకుమార్ రూళ్ళ పుస్తకం అడిగి, ప్రతి పేజీకీ ఫోటో తీసుకున్నాడు.

ఆగస్టులో నివేదిక వచ్చింది. నాలుగువందల పేజీలు, అట్టమీద కొబ్బరిచెట్లు. మొదటి పేజీలో "కోనసీమలో ప్లాంటు సాంకేతికంగా సాధ్యం" అని ఉంది. చివర పద్నాలుగో అనుబంధంలో ఏడురోజుల తూకాలు, తడి లెక్కలు, ముత్యాలు మాటలు ఉన్నదున్నట్టు అచ్చయ్యాయి. వాటి ప్రకారం ప్లాంటు అసాధ్యం. ఒకే పుస్తకంలో అటు నుంచి చదివితే సాధ్యం, ఇటు నుంచి చదివితే అసాధ్యం. పైవాళ్ళు రెండువైపుల నుంచీ చదివి, "ఇంధన లభ్యతపై మరింత లోతైన అధ్యయనం అవసరం" అని తీర్మానించారు. ఆ అధ్యయనం కూడా ఉష్ణజ్యోతికే దక్కింది. విజయకుమార్‌ని మాత్రం అందులోంచి తీసేసి, ఎక్కడో గాలి వీయని లోయలో గాలిమరలు సాధ్యమా అని చూడటానికి పంపించారు. అక్కడ నుంచి ఫోను చేసి, "గాలి లేదంకుల్, లేదనే రాస్తున్నా," అన్నాడట. ఆఫీసరమ్మగారికి బదిలీ అయింది. ఆకుపచ్చ బాయిలరు లారీ ఎక్కి ఇంకో జిల్లా ప్రదర్శనకు పోయింది.

జీవరత్నంగారు కార్డు వెనక్కి ఇచ్చేసినా యార్డుకు వెళ్ళడం మానలేదు. తూకాల్లో ఒక అంకె ఆయన్ని నిలవనివ్వలేదు. వచ్చే చెత్తలో మూడోవంతు బొండాల కాయలే. అవి చెత్తలోకి ఎందుకొస్తున్నాయంటే, గుండ్రంగా ఉంటే ఆరవు, ఆరకపోతే మండవు, కాబట్టి ఎవరికీ అక్కర్లేదు.

"నాలుగు చెక్కలు చేసి ఎండేస్తే?" అన్నారు ముత్యాలుతో.

"కత్తి పదునుండాలండీ," అంది ముత్యాలు.

బొండాల బళ్ళవాళ్ళతో ముత్యాలే మాట్లాడింది. ముందు అందరూ ఆయ్ అన్నారు, ఎవరూ చేయలేదు. కాయల్లో నీళ్ళు నిలిచి దోమలు పుడుతున్నాయని, చెక్కలు చేయకపోతే వాళ్ళ బళ్ళ దగ్గర చెత్త ఎత్తననీ తెగేసి చెప్పాక చేయడం మొదలెట్టారు. మరుసటి ఎండాకాలం పదిహేను రోజులకే ఆ చెక్కలు గలగలలాడాయి. జీవరత్నంగారు ఒక చెక్క తీసుకుని, చెవిదగ్గర తట్టి, విరిచి, వాసన చూసి, "వస్తుంది," అన్నారు.

సూర్యారావుగారి బావమరిది ఎండుకొబ్బరి వ్యాపారి. వాన మొదలైతే ఆయన కొబ్బరి ఆరక బూజు పడుతుంది. జీవరత్నంగారు వెళ్ళి ఆ షెడ్డులో ఇటుకలతో ఒక పొయ్యి, దానికి గది చుట్టూ తిరిగే పొగగొట్టం కట్టారు. వేడి గదిలోకి, పొగ బయటికి. మొదటి జల్లు పడ్డ వారమే బొండాల చెక్కలతో వెలిగించారు. మేరీకుమారిగారు చూడటానికి వచ్చి, గది లోపల చెయ్యి పెట్టి, "ఇంట్లో కుక్కరు దగ్గర మీరు లేకపోతే ఎంత హాయిగా ఉందో తెలుసాండీ," అన్నారు మెచ్చుకోలుగా.

ఆ అక్టోబరులో ఉష్ణజ్యోతి నుంచి రెండో స్టడీవాళ్ళు వచ్చారు. ఒక అమ్మాయి, పేరు స్నిగ్ధ, చేతిలో టాబ్. వానలో షెడ్డుకొచ్చి, పొయ్యి చూసి, చుట్టూ నాలుగు ఫోటోలు తీసుకుంది. "ఇది మా ప్రాజెక్టు పైలట్ కింద చూపించొచ్చా అంకుల్?"

"మీ ఇష్టమమ్మా. తడవకండి, లోపలికి రండి."

"మెగావాట్లు ఎన్నండీ?"

"మెగావాట్లేం లేవమ్మా, కొబ్బరి ఆరుతోంది," అన్నారు జీవరత్నంగారు. తట్టలోంచి వెచ్చటి కొబ్బరిచిప్ప ఒకటి తీసి, ముక్క కోసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. స్నిగ్ధ అనుమానంగా కొరికింది. నమిలింది. టాబ్ చంకలో పెట్టుకుని, ఇంకో ముక్క అడిగింది.